కిల్పెక్ పల్లె చర్చి (ఇంగ్లండ్, సుమారు 1140): చూరు కింద బొమ్మలు, దక్షిణ ద్వారం, కట్టించినవాళ్ల కథ

వేణి_బ్రిస్టల్

అందరికీ నమస్కారం. క్యాంటర్‌బరీ, డర్హమ్ లాంటి పెద్ద కెథీడ్రల్స్ మీద ఇక్కడ బోలెడంత మాట్లాడుకున్నాం. పల్లె చర్చిల జోలికి మాత్రం ఎవరూ పోలేదు. నన్నడిగితే 12వ శతాబ్దపు ఇంగ్లండ్ శిల్పం నిండుగా దొరికేది పల్లెల్లోనే. పట్నాల్లో డబ్బు చేరినప్పుడల్లా పాతది కూల్చి కొత్తది కట్టారు. చేతిలో డబ్బాడని పల్లెల్లో కట్టింది కట్టినట్టే ఉండిపోయింది. కిల్పెక్‌ని మించిన ఉదాహరణ నాకు తెలియదు.

ఊరు హెరెఫర్డ్‌కి నైరుతి దిక్కున సుమారు 9 మైళ్లు. వేల్స్ సరిహద్దు అక్కడికి దగ్గరే. చర్చి పేరు సెయింట్ మేరీ అండ్ సెయింట్ డేవిడ్. కట్టింది సుమారు 1140లో. ఎర్ర ఇసుకరాయి. జనం నిలబడే పొడుగాటి గది, దాని తర్వాత పూజారి గది, దాని తర్వాత అర్ధచంద్రాకారంలో ముగిసే గుండ్రటి గది, మూడూ ఒకే వరసలో ఉంటాయి. ఇంగ్లిష్‌లో వీటినే నేవ్, ఛాన్సెల్, ఆప్స్ అంటారు. లోపలికెళ్లి నాలుగడుగులు వేస్తే అయిపోయేంత చిన్న గుడి.

కానీ బయట చూడండి! చూరు కింద గోడ చుట్టూతా బొమ్మలే, ఇప్పటికి 85 మిగిలాయి. కుక్క, కుందేలు, పంది, పొట్టేలు, ఫిడేలు లాంటి వాయిద్యం వాయించే మనిషి, శిలువ పట్టిన గొర్రెపిల్ల, మనుషుల్ని మింగుతున్న జంతువు. దక్షిణ ద్వారం మీద అరచెయ్యంత జాగా కూడా ఖాళీ వదల్లేదు.

నావి రెండు ప్రశ్నలు. ఇంత మారుమూల ఇంత పని చేయించింది ఎవరు, ఏ డబ్బుతో? రెండోది, ఆప్స్ చూరు కింద ఒక స్త్రీ బొమ్మ ఉంది. పెద్ద గుండు తల, గుండ్రటి కళ్లు, రెండు చేతులతో తన యోనిని విప్పి చూపిస్తూ ఉంటుంది. చర్చి గోడ మీద ఆ బొమ్మకి పనేమిటి?

పాత_శాసనం

వేణి గారూ, మొదటిదానికి నాకు తెలిసింది చెబుతా.

ఇప్పుడు మారుమూల గానీ 1140లో కాదు. ఆ ప్రాంతాన్ని ఆర్చెన్‌ఫీల్డ్ అనేవాళ్లు. అంతకుముందు అది ఎర్గింగ్ అనే వెల్ష్ (వేల్స్ వాళ్ల) రాజ్యం. ఫ్రాన్స్ నుంచి వచ్చిన నార్మన్లు ఇంగ్లండ్‌ని గెలిచాక ఈ సరిహద్దు పట్టీలో కోటల మీద కోటలు కట్టారు. కిల్పెక్‌లోనూ చర్చికి పడమరగా, పిలిస్తే పలికేంత దూరంలో మట్టిదిబ్బ మీద కోట ఉంది. ఇప్పుడు దిబ్బ, రెండు మూడు గోడ ముక్కలు మిగిలాయి. 1086లో రాజు రాయించిన భూముల లెక్క డూమ్స్‌డేలో ఈ ఊరు విలియం ఫిట్జ్‌నార్మన్ చేతిలో ఉంది. చర్చి కట్టించింది ఆయన వంశీకుడు కిల్పెక్ హ్యూ. ఈ కుటుంబానికి రాజుగారి అడవుల పర్యవేక్షణ కూడా ఉండేది. సరిహద్దు కోట, అడవి అధికారం రెండూ చేతిలో ఉన్న మనిషంటే డబ్బూ మనుషులూ ఉన్నట్టే.

1134లో హ్యూ ఇక్కడి చర్చిని గ్లౌస్టర్‌లోని సెయింట్ పీటర్ మఠానికి దానమిచ్చాడు. దాంతో మఠం వాళ్లు కిల్పెక్ పక్కనే కొద్దిమంది సన్యాసులతో ఒక చిన్న శాఖ పెట్టారు. అది 1428 దాకా నడిచింది. అంటే ఈ గుడి వెనక కోట దొర ఒక్కడే లేడు. లాటిన్ చదివిన సన్యాసులూ ఉన్నారు. బొమ్మలకి అర్థం వెతికేటప్పుడు ఇది మర్చిపోకూడదు.

ఇంకో సంగతి. 1135లో రాజు మొదటి హెన్రీ చనిపోయాక ఆయన మేనల్లుడు స్టీఫెన్‌కీ కూతురు మటిల్డాకీ సింహాసనం కోసం యుద్ధం మొదలై పద్దెనిమిది, పందొమ్మిదేళ్లు నడిచింది. హెరెఫర్డ్ పట్నం కూడా అందులో నలిగింది. అలాంటి రోజుల్లో కట్టిన గుడి ఇది. దొర తన కోట పక్కన ఇంత ఆడంబరంగా గుడి కట్టించడం భక్తి ఒక్కటే అనుకోను. ఈ నేల నాది అని ఊరందరికీ, సరిహద్దు అవతలివాళ్లకీ చెప్పడం కూడా.

కాసెపని

మాది ఆళ్లగడ్డ. నాన్న రాతి పనివాడు, నేనూ చిన్నప్పుడు ఉలి పట్టినవాణ్ణే. అందుకని రాతి వైపు నుంచి చెబుతా.

చూరు కింద బొమ్మలని అంటున్నారే, అవి గోడకి అంటించినవి కావు. ఒక్కొక్కటీ పొడుగాటి దిమ్మ. సగం పైన గోడలో కూరుకుని ఉంటుంది, బయటికొచ్చిన ముక్క మీదే బొమ్మ. తోక భాగం మీద గోడ బరువు పడుతుంది కాబట్టి ముందు భాగం చూరు రాళ్లని మోయగలుగుతుంది. కాబట్టి బొమ్మని కింద కూర్చుని, నీడ పట్టున తీరిగ్గా చెక్కి, పూర్తయ్యాక పైకెత్తి గోడలో పెడతారు. ఎక్కి నిలబడి చెక్కే పని కాదు. పనివాడికి తన దిమ్మ తన చేతిలో ఉంటుంది, దాన్ని అన్ని వైపులా తిప్పి చూసుకోవచ్చు. ఒక్క బొమ్మా ఇంకోదానిలా లేకపోవడానికి ఇదొక కారణం అనుకుంటా.

కుక్కా కుందేలూ ఉన్న దిమ్మ ఫొటో పెద్దది చేసి చూశాను. రెండూ పక్కపక్కనే ఒదిగి ఉన్నాయి. వెంట్రుకలు చెక్కలేదు, కండరాలు చెక్కలేదు. నున్నటి గుండ్రటి తలలు, ఉబ్బెత్తు కళ్లు, కుందేలుకి వెనక్కి వాలిన చెవులు. అంతే. ఇరవై అడుగుల కింద నుంచి చూసేవాడికి ఏది కనబడుతుందో అదే ఉంచి మిగతాదంతా తీసేశాడు. పొరపాటున కూడా ఎక్కువ ఉలి దెబ్బ వెయ్యలేదు. ఎక్కడ ఆపాలో తెలియడమే మా పనిలో అన్నిటికన్నా కష్టం. ఆ పనివాడి పేరు ఎవరికీ తెలియదు, నాకు మాత్రం అతని చెయ్యి కళ్లకి కడుతోంది.

మేరీ_గుంటూరు

నేను చిన్నప్పటి నుంచీ చర్చిలో పెరిగినదాన్ని. ఆ స్త్రీ బొమ్మ ఫొటో చూసి ఇబ్బంది పడ్డానన్న మాట నిజం. కానీ దక్షిణ ద్వారం ఫొటోలు చూస్తే నా మనసు నిండిపోయింది.

ద్వారం పైన అర్ధచంద్రాకారపు రాయి ఉంది కదా. దాని మీద చెట్టు. కొమ్మలు రెండు వైపులా మెలికలు తిరిగి, వాటికి గుత్తులు వేలాడుతున్నాయి. బైబిల్ చదివినవాళ్లకి అది జీవవృక్షం. ఆదికాండంలో ఏదెను తోటలో ఉంటుంది, ప్రకటన గ్రంథం చివర మళ్లీ కనబడుతుంది. గుత్తులు చూస్తే ద్రాక్షావల్లి కూడా గుర్తొస్తుంది. "నేను ద్రాక్షావల్లిని, తీగెలు మీరు" అన్న యోహాను సువార్త మాట ప్రతి ఆదివారం బడి పిల్లకీ కంఠతా వచ్చు. లోపలికి అడుగుపెట్టే ప్రతివాడూ ఆ చెట్టు కింద నుంచే వెళ్లాలి. నాకిది చాలా సూటిగా చెప్పిన ప్రసంగంలా ఉంది.

చుట్టూ ఉన్న స్తంభాల సంగతి ఎవరైనా చెప్పండి అన్నా. అందులో పాములు చూసి ఆగిపోయాను.

పాత_శాసనం

మేరీ గారూ, ద్వారానికి రెండు పక్కలా జంట స్తంభాలు. బయటి వాటి మీద పాములు, ఒకదాని తోక ఇంకోటి మింగుతూ తలకిందులుగా జారుతున్నట్టు ఉంటాయి. పాము కుబుసం విడవడం పునర్జన్మకి గుర్తు అని కొందరు, దుష్టశక్తి తలవంచి కిందికి పోతోందని కొందరు అంటారు. ద్వారం పైన జీవవృక్షం, పక్కన కిందికి జారే పాము ఉన్నాయంటే నాకు రెండోదే సబబుగా తోస్తుంది, ఏదెను కథలో చెట్టూ పామూ రెండూ ఉన్నాయి కదా.

లోపలి స్తంభాల్లో కుడివైపు దాని మీద తీగల మధ్య పక్షులు. దాని పైన ఒక మనిషి ముఖం, నోట్లోంచి తీగలు బయటికొస్తాయి. ఎడమవైపు దాని మీద ఒకరి మీద ఒకరు ఇద్దరు యోధులు, తీగల్లో చిక్కుకుని ఉన్నారు. వాళ్ల బట్టలు గమనించండి. వదులు పాంట్లు, కొస వంగిన టోపీ, ఒంటినిండా నిలువు గీతలు. నార్మన్ కవచం కాదు. వీళ్లు వెల్ష్ యోధులని చాలాకాలం అన్నారు, ఆ ముద్ర నిలబడలేదు. మంచికీ చెడుకీ మధ్య పోరాడే ఆత్మ అని ఇప్పుడు ఎక్కువమంది చెప్పే మాట.

తోరణం బయటి వరసలో గుండ్రటి చట్రాలు గొలుసులా అల్లుకుని, వాటిలో పక్షులు, చేపలు, నిజంగా లేని మృగాలు ఉన్నాయి. ఆ కాలంలో జంతువుల గురించి రాసిన గ్రంథాలు మఠాల్లో తిరిగేవి. ఒక్కో జంతువుకీ ఒక నీతి ఉండేది. గ్లౌస్టర్ సన్యాసుల దగ్గర అలాంటిదొకటి ఉంటే ఆశ్చర్యం లేదు.

ఓరుగల్లు_పోరడు

ఆ స్త్రీ బొమ్మ సంగతి ఎవ్వరు మాట్లాడుతలేరు. నేను మాట్లాడుత.

అలంపురం మ్యూజియంల లజ్జాగౌరి విగ్రహం చూసినోళ్లకు ఇది చూడంగనే అదే యాదికొస్తది. తల జాగల తామరపువ్వు, కాళ్లు ఎడంగ పెట్టి ఉన్న అమ్మ. పిల్లల కోసం ఆడోళ్లు మొక్కుకుంటరు. మన దగ్గర అది పూజ. అక్కడ కూడ ముందు గసొంటి పూజనే ఉండె కావచ్చు, చర్చి వచ్చినంక గోడ మీదికి ఎక్కిచ్చిన్రు. నాకైతే గట్లనే అనిపిస్తది. ఊరి ఆచారం అంత తొందరగ పోదు గదా.

సందేహం_తీరదు

పోరడు గారి మాటకి నేనూ బలం చేరుస్తా. ఆ చర్చి ఆవరణ గుండ్రంగా, చుట్టుపక్కల నేల కన్నా ఎత్తుగా ఉంటుంది. వేల్స్ వైపు చాలా పాత క్రైస్తవ స్థలాల లక్షణం అది. నేవ్ ఈశాన్య మూలలో నార్మన్లకి ముందరి సాక్సన్ కట్టడపు రాళ్లు ఇంకా ఉన్నాయని చెబుతారు. పడమటి గోడ నుంచి నోళ్లు తెరుచుకుని, నాలుకలు చుట్టుకున్న డ్రాగన్ తలలు బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి, అచ్చం వైకింగ్ (స్కాండినేవియా సముద్రయోధుల) పడవ ముందు కొయ్యలా. ఇన్ని పాత పొరలున్న చోట ఆ స్త్రీ బొమ్మ పాత దేవత అయి ఉండదని ఎలా చెప్పగలం?

పాత_శాసనం

స్థలం పాతదన్న దాంట్లో నాకు పేచీ లేదు. 12వ శతాబ్దానికి చాలా ముందే అక్కడ క్రైస్తవం ఉంది. ఆ పాతది క్రైస్తవమే అన్నది గుర్తుంచుకోవాలి. పేచీ ఎక్కడంటే, స్థలం పాతది కాబట్టి బొమ్మ కూడా పాత దేవతే అనడం దగ్గర.

ఇలాంటి బొమ్మలు ఫ్రాన్స్ పడమటి ప్రాంతంలోనూ, ఉత్తర స్పెయిన్‌లోనూ అదే కాలపు చర్చిల చూరు కింద బోలెడు ఉన్నాయి. ఆడవాళ్లవీ ఉన్నాయి, మగవాళ్లవీ ఉన్నాయి. వాటి పక్కనే డబ్బు సంచి మెడకి వేలాడే పిసినారి, నోరు సాగదీసే మనిషి, తాగుబోతు కనబడతారు. పాపాల వరస అన్నమాట. కామం కూడా అందులో ఒకటి. సౌందర్యం చూపించాలని చెక్కితే గుండు తల, ఎండిన ఒళ్లు పెట్టరు. చూసేవాడికి వెగటు పుట్టాలనే అలా చెక్కారని ఒక వాదన. చెడు చూపు తగలకుండా గోడ మీద కాపలా బొమ్మ అని ఇంకో వాదన. రెండూ ఆ కాలపు చర్చి లోపలి నుంచే వచ్చేవి.

లజ్జాగౌరికీ దీనికీ పోలిక కంటికి కనబడేదే, కాదనను. కానీ అలంపురంలో ఆమె పీఠం మీద పూజ అందుకుంటుంది. ఇక్కడ ఈమె చూరు కింద, పందికీ పొట్టేలుకీ వరసలో ఉంది. బొమ్మని ఎక్కడ పెట్టారన్నది దాని అర్థంలో సగం.

ఓరుగల్లు_పోరడు

పాత_శాసనం అన్నా, జాగ సంగతి మీరన్నది ఒప్పుకుంట. కాని అది పాపమని చెప్పెటందుకే చెక్కితే, తర్వాత ఊరోళ్లు దాన్ని అట్లనే చూసిన్రని ఏం నమ్మకం? సన్యాసి ఒకటి చెప్తడు, కాన్పు కష్టమైన ఆడామె ఇంకొకటి అనుకుంటది. ఐర్లాండ్‌ల గిట్ల ఉన్న కొన్ని బొమ్మలను ఆడోళ్లు ముట్టుకొని మొక్కిన జాడలున్నయి గదా. చెక్కినోని అర్థం వేరు, చూసినోళ్ల అర్థం వేరు. రెండు కూడ చరిత్రనే.

పాత_శాసనం

ఇది మంచి మాట తమ్ముడూ. దీనికి అడ్డు చెప్పను.

వేణి_బ్రిస్టల్

చూసినవాళ్ల అర్థం అన్నారు కాబట్టి ఇది చెప్పాలి. 1842లో జార్జ్ రాబర్ట్ లూయిస్ అనే చిత్రకారుడు కిల్పెక్ బొమ్మలన్నీ గీసి అచ్చువేశాడు. మనకి ఇప్పటికీ అక్కరకొచ్చే పని అది. కానీ ఈ స్త్రీ బొమ్మ దగ్గరకొచ్చేసరికి, ఇది ఒక మూర్ఖుడి బొమ్మ అనీ, అతని ఛాతీలో ఉన్న గాటు హృదయానికి దారి అనీ, అది అందరికీ తెరిచే ఉంటుందనీ వివరించాడు. ఎదురుగా ఉన్నదాన్ని ఆయన కళ్లు చూడనివ్వలేదు. అయినా బొమ్మని మాత్రం వదిలెయ్యకుండా గీశాడు, అందుకు నాకు ఆయన మీద గౌరవమే.

లూయిస్ లెక్కకీ ఇప్పటి లెక్కకీ ఆరు బొమ్మలు తేడా. అవి పోయింది అశ్లీలంగా ఉన్నాయని ఎవరో కొట్టించేయడం వల్లే అని ఒక కథ తిరుగుతుంటుంది. నాకు నమ్మకం కుదరలేదు. కొట్టించేవాళ్లు అన్నిటికన్నా ముందు ఈ స్త్రీ బొమ్మనే కొట్టించాలి కదా?

మేరీ_గుంటూరు

నా ఇబ్బంది కాస్త తగ్గింది. మా పెద్దలు వాక్యం చెప్పేటప్పుడు పాపాన్ని అందంగా చెప్పరు, భయం పుట్టేలా చెబుతారు. రాతిలో కూడా అదే చేశారేమో.

ఒకటి అడగాలి. ఆ రోజుల్లో క్రైస్తవులెవరికీ ఈ బొమ్మలు అభ్యంతరం అనిపించలేదా?

పాత_శాసనం

అనిపించింది. అదీ చాలా గట్టిగా. ఫ్రాన్స్‌లో క్లెర్వో మఠాధిపతి బెర్నార్డ్ సుమారు 1125లో దీని మీద మండిపడ్డాడు. సన్యాసులు చదువుకునే చోట కోతులు, సింహాలు, సగం మనిషి సగం మృగం బొమ్మలు ఎందుకని అడిగాడు. గ్రంథం వదిలేసి పొద్దస్తమానం రాళ్లే చదువుతూ కూర్చోవాలనిపిస్తుందన్నాడు. వీటికి సిగ్గుపడకపోయినా కనీసం ఖర్చుకైనా వెనకాడొద్దా అన్నాడు. ఆయన మాట్లాడింది మఠాల లోపలి వసారాల గురించి, పల్లె చర్చిల గురించి కాదు. కానీ ఈ బొమ్మలు ఎంత ఆకట్టుకుంటాయో ఆయన తిట్టిన తీరులోనే తెలుస్తుంది. చూసి చూసి, బాగా చూసినవాడే అంత వివరంగా తిట్టగలడు.

సందేహం_తీరదు

సరే, దేవత సంగతి పక్కన పెడదాం. పనివాళ్ల సంగతి చెప్పండి. ఒక పక్క వైకింగ్ డ్రాగన్, ఒక పక్క ఫ్రాన్స్ చూరు బొమ్మలు, ఇంకో పక్క స్పెయిన్ అంటున్నారు. ఇవన్నీ హెరెఫర్డ్‌షైర్ పల్లెలో ఎలా కలిశాయి?

పాత_శాసనం

దీనికి అందరూ చెప్పే కథ ఒకటుంది. కిల్పెక్‌కి ఉత్తరంగా షాబ్డన్ అనే ఊళ్లో ఆలివర్ డి మెర్లిమండ్ అనే ఆయన ఒక చర్చి కట్టించాడు. ఆయన హ్యూ మార్టిమర్ అనే పెద్ద దొరకి దివాను. ఆలివర్ స్పెయిన్‌లోని శాంటియాగో డి కంపోస్టెలా యాత్ర చేసొచ్చాడని ఒక మఠం రికార్డుల్లో ఉంది. ఆ దారి ఫ్రాన్స్ పడమటి ప్రాంతం మీదుగానే పోతుంది. అక్కడి చర్చిలు చూసి, వెంట ఒక శిల్పినో, కనీసం కొన్ని గీతల్నో తెచ్చుకుని ఉంటాడు. షాబ్డన్‌లో పనిచేసిన జట్టే కిల్పెక్‌కి వచ్చిందంటారు. ఈ జట్టు పనినే హెరెఫర్డ్‌షైర్ శైలి అని పిలుస్తారు.

యాత్ర ఒక్కటే అన్నిటికీ కారణం అంటే నేను ఒప్పుకోను. కలిసిన దారులు చాలా ఉన్నాయి. మెలికల తీగల అల్లిక ఇంగ్లండ్‌లో స్కాండినేవియా వాళ్ల ప్రభావంతో అంతకుముందే ఉంది. చట్రాల్లో జంతువులు రాతప్రతుల్లో ఉన్నాయి. యాత్రికుడి దారి ఒకటి, సన్యాసుల పుస్తకాల దారి ఒకటి, ఊళ్లో కొయ్యపనివాళ్ల అలవాటు ఇంకోటి.

యాత్ర కథకి బలమైన సాక్ష్యం లోపల ఉంది. నేవ్ నుంచి ఛాన్సెల్‌లోకి వెళ్లే తోరణానికి రెండు పక్కలా మూడేసి మనుషుల బొమ్మలు, ఒకరి తల మీద ఒకరు నిలబడినట్టు. ఒకరి చేతిలో తాళంచెవి ఉంది, పేతురే. ఇలా స్తంభం మీద ఒకరిపైన ఒకరుగా సాధువుల్ని నిలబెట్టడం ఇంగ్లండ్‌లో చాలా అరుదు. శాంటియాగో కెథీడ్రల్ దక్షిణ ద్వారం స్తంభాల మీద అదే పద్ధతి కనబడుతుంది.

కాసెపని

బయట జంతువులు చెక్కినవాడూ లోపల ఆ సాధువుల్ని చెక్కినవాడూ ఒక్కడు కాదని నా అభిప్రాయం. బయటివాడికి గుండ్రటి రూపం వచ్చు. లోపలి బొమ్మలు పలకలా ఉన్నాయి, బట్టల మడతలన్నీ సమానంగా గీసిన గీతలు. ఒక జట్టులో పెద్ద మేస్త్రి, ఇద్దరు ముగ్గురు చేయి తిరిగినవాళ్లు, నేర్చుకునే కుర్రాళ్లు ఉండడం ఎక్కడైనా మామూలే.

షాబ్డన్ పేరెత్తారు కాబట్టి అక్కడేం జరిగిందో చెప్పాలి. 1750 ప్రాంతంలో ఆ ఊరి జమీందారీ కుటుంబం పాత చర్చిని కూల్చి కొత్త ఫ్యాషన్‌లో కట్టుకుంది. పాత తోరణాలని మాత్రం తీసుకెళ్లి దూరంగా గుట్ట మీద, ఆరుబయట అలంకారానికి నిలబెట్టారు. లోపల ఉండాల్సిన తోరణం ఎండకీ వానకీ మంచుకీ వదిలేశారు. ఇప్పుడు చూస్తే బొమ్మలు కరిగిపోయిన సబ్బుల్లా ఉన్నాయి. ముఖం ఏదో చెయ్యి ఏదో తెలియదు. ఇసుకరాయిలోకి నీళ్లు దిగి, చలికి గడ్డకట్టి ఉబ్బితే పొర పొరగా ఊడిపోతుంది. ఆ ఫొటోలు చూసిన రోజు నాకు అన్నం సయించలేదు. కిల్పెక్‌కి తల్లిలాంటి పని అది.

కిల్పెక్ బతకడానికి మొదటి కారణం రాయి. అక్కడి ఎర్ర ఇసుకరాయి గట్టిది, నూక సన్నం. రెండోది, దక్షిణ ద్వారానికి ముందు చాలాకాలం కొయ్య పందిరి ఉండేది. జనానికి శిల్పం కనబడాలని 1868లో దాన్ని తీసేశారు. మళ్లీ 1962లో ద్వారం పైన నీళ్లు కారకుండా చిన్న అడ్డు పెట్టారు. మూడోది, చూరు బొమ్మలకి చూరే గొడుగు.

సందేహం_తీరదు

వానకి తట్టుకుంది సరే. మనుషులకి ఎలా తట్టుకుంది? 1640లలో రాజుకీ పార్లమెంటుకీ మధ్య జరిగిన అంతర్యుద్ధంలో ప్యూరిటన్లు (చర్చిలో విగ్రహాలు కూడదన్న క్రైస్తవులు) ఇంగ్లండ్ అంతటా విగ్రహాలు పగలగొట్టారు కదా. పక్కనే ఉన్న కోటని వదల్లేదని చదివాను.

పాత_శాసనం

అవును, రాజు పక్షం సైనికులు ఉన్నారని కోటని పనికిరాకుండా చేశారు. చర్చిని మాత్రం ముట్టుకోలేదు. ఎందుకో ఎవరూ తేల్చలేదు. నా ఊహ చెబుతా.

విగ్రహాలు పగలగొట్టే పని దేశమంతా ఒకే జోరుతో జరగలేదు. విలియం డౌసింగ్ అనే ఆయన అధికారం తీసుకుని ఊరూరా తిరిగి పగలగొట్టింది తూర్పున, కేంబ్రిడ్జ్, సఫక్ ప్రాంతాల్లో. హెరెఫర్డ్‌షైర్ ఎక్కువగా రాజు వైపున ఉన్న జిల్లా. పైగా వాళ్ల కోపం ముఖ్యంగా సాధువుల బొమ్మల మీద, రంగుటద్దాల మీద, జనం మోకరించే వాటి మీద. కుక్కకీ కుందేలుకీ ఎవరూ మొక్కరు. కానీ లోపల పేతురు బొమ్మ కూడా మిగిలిందే అంటే, ఇక్కడికి ఎవరూ రాలేదనే అనుకోవాలి. 14వ శతాబ్దం తర్వాత ఆ ప్రాంతం ఆర్థికంగా చితికింది. చర్చి పక్కనున్న మధ్యయుగపు ఊరు ఖాళీ అయి, ఇళ్ల స్థలాలు గడ్డి కింద గట్లుగా మిగిలాయి. చర్చిని పెంచి కట్టడానికి డబ్బు లేదు, పగలగొట్టడానికి తీరిక పెట్టుకుని వచ్చినవాడూ లేడు. పేదరికం కాపాడిందని చెప్పడం బాధగా ఉంటుంది, ఆ ఊరి జనం కష్టం అందులో ఉంది కాబట్టి. అయినా జరిగింది అదే.

హెరెఫర్డ్_నర్సు

ఈ చర్చ ఇప్పుడే చూశాను. నేనుండేది హెరెఫర్డ్‌లోనే, ఇండియా నుంచి ఎవరొచ్చినా కిల్పెక్‌కి తీసుకెళ్తాను. వెళ్లేవాళ్లకి కొన్ని మాటలు.

హెరెఫర్డ్ నుంచి అబర్‌గవెనీ వెళ్లే ఏ465 రోడ్డు మీద కొంత దూరం పోయి పక్కకి తిరగాలి. సొంత కారు ఉంటే తేలిక. బైనాక్యులర్స్ తప్పకుండా పట్టుకెళ్లండి, చూరు బొమ్మలు ఉత్త కళ్లకి సగమే కనబడతాయి. దక్షిణ ద్వారం మీద ఎండ పక్కనుంచి పడేటప్పుడు పాముల పొలుసులు కూడా లెక్కపెట్టొచ్చు, నడినెత్తిన ఉన్నప్పుడు అంతా చదునుగా ఉంటుంది.

చాలామంది దక్షిణ ద్వారం చూసి, ఆ స్త్రీ బొమ్మ ఫొటో తీసుకుని వెళ్లిపోతారు. పడమటి కిటికీ చూడరు. దాని రెండు పక్కల స్తంభాల నిండా తాళ్లు పేనినట్టు అల్లిక, పైన ఆకులు కక్కే ముఖాలు. లోపల ఆప్స్ కప్పు కూడా చూడాలి. రాతి ఈనెలు గొడుగు పుల్లల్లా పైకి లేచి ఒకచోట కలుస్తాయి, కలిసిన రాయి మీద తలలు చెక్కారు. తీర్థపు నీళ్ల తొట్టి ఒకటుంది. ఉబ్బిన పొట్ట, దాన్ని రెండు చేతులు చుట్టి పట్టుకున్నట్టు. మా అత్తగారు దాని దగ్గర నుంచి కదల్లేదు, "నిండు నెలల మనిషిలా ఉందమ్మా" అన్నారు. జ్ఞానస్నానపు తొట్టి కూడా పాతదే, 12వ శతాబ్దంది అంటారు.

బయటికొచ్చాక కోట దిబ్బ ఎక్కండి. పైనుంచి చర్చి, ఖాళీ అయిన ఊరి గట్లు, అవతల వేల్స్ కొండలు ఒక్క చూపులో ఉంటాయి. పాత_శాసనం గారు చెప్పిన సరిహద్దు సంగతి అక్కడ నిలబడితే ఎవరూ చెప్పక్కర్లేదు.

వేణి_బ్రిస్టల్

నర్సు గారూ, చాలా థాంక్స్. ఒక రోజు పూర్తిగా పెట్టుకుంటే ఇదే జట్టు పని ఇంకెక్కడ చూడొచ్చు?

హెరెఫర్డ్_నర్సు

దగ్గర్లో రోల్‌స్టోన్ ఉంది వేణి గారూ. సెయింట్ పీటర్ చర్చి, ద్వారం పైన సింహాసనం మీద క్రీస్తు. లోపల తోరణం దగ్గర కొన్ని బొమ్మలు తలకిందులుగా ఉంటాయి, పేతురుని తలకిందులుగా శిలువ వేశారన్న నమ్మకానికి గుర్తుగా అంటారు. బ్రిన్సప్‌లో సెయింట్ జార్జ్ గుర్రం మీద డ్రాగన్‌ని పొడుస్తున్న పలక, స్ట్రెటన్ షుగ్వాస్‌లో సింహం నోరు చీలుస్తున్న సమ్సోను. కాసిల్ ఫ్రోమ్‌లో జ్ఞానస్నానపు తొట్టి మీద క్రీస్తు బాప్తిస్మం. అన్నిటికన్నా నాకిష్టం మాత్రం ఎర్డిస్లీ తొట్టి. దాని మీద క్రీస్తు ఒకర్ని చెయ్యి పట్టుకుని తీగల చిక్కులోంచి బయటికి లాగుతుంటాడు, ఇంకో పక్క ఇద్దరు యోధులు ఈటెతో, కత్తితో కొట్టుకుంటూ ఉంటారు.

కాసెపని

నర్సు అక్కా, ఎర్డిస్లీ పేరు చెప్పి మంచి పని చేశారు. ఆ ఇద్దరు యోధుల ఫొటోని కిల్పెక్ ద్వారం మీది యోధుల ఫొటో పక్కన పెట్టి చూడండి. బట్టల మీద అవే దగ్గర దగ్గర గాట్లు, కాళ్లకి చుట్టుకున్న తీగ అదే మందం, తీగ ఒకదాని కింద నుంచి ఒకటి దూరే చోట గాడి లోతు కూడా అదే. ఎవడైనా చూసి కాపీ కొడితే రూపం వస్తుంది గానీ గాడి లోతు రాదు, అది చేతికి అలవాటైన దెబ్బని బట్టి ఉంటుంది. ఎర్డిస్లీ తొట్టి లోపల, నీడలో ఉంది కాబట్టి ఉలి జాడలు ఇంకా పదునుగా ఉన్నాయి. మీరు ఈసారి వెళ్లినప్పుడు యోధుల మోకాళ్ల దగ్గర నుంచి, పక్క వెలుతురు పడేలా ఒక ఫొటో తీసి ఇక్కడ పెట్టగలరా? ఏ వైపు నుంచి కొట్టాడో, కుడిచేతి వాటమో ఎడమచేతి వాటమో నాన్నకి చూపించి అడుగుతా.

హెరెఫర్డ్_నర్సు

తప్పకుండా తమ్ముడూ. నైట్ డ్యూటీలు అయిపోగానే వెళ్తాను. కిల్పెక్ యోధులవి కూడా అదే కోణంలో తీసి రెండూ కలిపి పెడతా.